ఓబమ్మకు పెట్టిన చీర

ధాత ఏట మొదలైన కరువు పోయి, బహుధాన్య సంవత్సరం వచ్చినాక వానలు పడ్డాయి. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు సజ్జలు చల్లుకున్నారు. పైరు మోకాలెత్తు లేచినప్పుడు ఆత్మకూరు కచేరీ బంట్రోతు ఉదయగిరికి ఉత్తరాన ఉన్న పాలేనికి వచ్చినాడు. ఊరికి ఎడంగా, అంటరానివాళ్లని పెట్టిన పాలెం అది. కరువులో ఉత్తరపు పల్లెల జనానికి దిక్కుగా నిలబడిన ఇద్దరు ఆడవాళ్లను తాసీల్దారుగారు పిలిపించి చీర పెడతారని చెప్పినాడు. ఒకరు ఓబమ్మ. రెండోవారు దుత్తలూరు దగ్గర మోతుబరి ఇంటి రాఘవమ్మ.

ఓబమ్మ చేతిలో చాట కింద పెట్టి, ఎప్పుడు పోవాలని మాత్రం అడిగింది.

మరిది కొండలయ్య తోడు బయల్దేరినాడు. ఆ దారి ఇద్దరికీ కొత్త కాదు. కరువు ముదిరి, పాలెంలో నాగజెముడు పండ్లు కూడా అయిపోయినప్పుడు, ఆత్మకూరులో సర్కారు గంజి పోస్తోందని కబురొచ్చింది. అంత దూరం నడవగలమా అని మగవాళ్లు తర్కించుకుంటుంటే ఓబమ్మ నీళ్లకుండ నెత్తినెత్తుకుని నడక మొదలుపెట్టింది. ఆమె వెనక చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలినాయి. దారిలో ఏం దొరికినా ముందు చంటిబిడ్డల తల్లులకు పెట్టించింది. దుత్తలూరు దగ్గర రాఘవమ్మ, బావగారు వద్దన్నా వినకుండా జొన్నపాతర తవ్వించి, దారిన పోయేవాళ్లందరికీ సంకటి వండించింది. దాంతో అత్తింటివాళ్లు ఆమెతో మాటలు మానుకున్నారు.

ఆ ఊరు దాటినాక ఓబమ్మ మొగుడు చెంచయ్య వాంతులూ భేదులూ పట్టుకుని దారిపక్కన కూలబడినాడు. అన్నను వదిలి అడుగు వెయ్యనన్నాడు కొండలయ్య. ఓబమ్మ వెనక్కి చూసింది. జనంలో అప్పటికే కొందరు కూర్చోబోతున్నారు. అట్ల కూర్చున్నవాళ్లు మళ్లీ లేవరని ఆమెకు తెలుసు.

చెంచయ్యే అన్నాడు. "నువ్వాగితే అందరూ ఆగుతారు. పో."

ఆమె కుండ అతని పక్కన పెట్టింది. కొండలయ్యను అతని బిడ్డలను ఎత్తుకోమన్నది. నడిచింది. ఆత్మకూరు చేరినాక వెనక్కి మనుషులను పంపితే చెంచయ్య కనబడలేదు, కుండా కనబడలేదు. కరువు తీరేదాకా ఓబమ్మ గంజి దొడ్డిలోనే ఉండి గంజి పోసింది, తగువులు తీర్చింది, తల్లిలేని బిడ్డలను తలా ఒక ఇంటికి అప్పగించింది. ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే.

చీర పెట్టే రోజు కచేరీ వసారాలో రాఘవమ్మకు బల్ల వేసినారు. ఓబమ్మ కింద, ముంగిట్లో నిలబడింది. ఓబమ్మ చేసిందేందో చెప్పమని తాసీల్దారుగారు అంటే కొండలయ్య అంతా చెప్పినాడు. అన్న కూలబడిన చోటికి వచ్చేసరికి జనం కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఓబమ్మ ఎవరి సంగతో విన్నట్టు విన్నది. మధ్యలో ఆమె ధ్యాస కాళ్లదగ్గర గింజ లాక్కుపోతున్న చీమల మీదికి పోయింది.

బంట్రోతు వెంకటగిరి నేతచీర పళ్లెంలో పెట్టి మెట్టుమీద ఉంచితే తీసుకుంది. ఏమన్నా చెప్పుకుంటావా అని తాసీల్దారుగారు మంచిగానే అడిగినారు.

"పిలిచినారు, వచ్చినాను సామీ," అన్నది.

తిరుగుదారిలో రాఘవమ్మ బండి వీళ్లను కలుసుకుంది. ఆమె బండి దిగి వీళ్లతో నడిచింది.

ఒకచోట కొండలయ్య ఆగినాడు. "ఇక్కడే కదా వదినా?"

ఓబమ్మ అటూ ఇటూ చూసింది. వానలకు బోదగడ్డి నడుమెత్తు లేచి ఉండాది. కరువులో చూసిన నేల ఇదేనో కాదో. "తెలీడంలా," అన్నది.

కొండలయ్య గడ్డిలోకి పోయి కాసేపు వెతికి వచ్చినాడు. మొహం పక్కకు తిప్పుకుని అన్నాడు. "ఆ పొద్దు నిన్ను చంపాలనిపించింది నాకు."

"తెలుసు."

"నువ్వాగుంటే నా బిడ్డలు ఉండేవాళ్లు కాదు. అదీ తెలుసు నాకు. రెండూ లోపల ఉండాయి వదినా."

ఓబమ్మ తల ఊపింది.

రాఘవమ్మ గట్టుమీద కూర్చుంది. "ఇన్నాళ్లకన్నా ఏడుపు రాలేదా ఓబమ్మా?"

"రాలేదమ్మా. మీకో?"

"మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. మొదట్లో బాధగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు."

ఆమె సద్దిమూట విప్పి సగం సంకటిముద్ద తీసి చాపింది. ఓబమ్మ అలవాటుగా దూరం జరిగి కొంగు పట్టింది. రాఘవమ్మ కొంగులో వెయ్యలేదు. చెయ్యి పట్టమన్నది. బండివాడు తల తిప్పుకున్నాడు.

ఓబమ్మ చెయ్యి చాపింది. ఇద్దరి వేళ్లూ తగిలినాయి. ఆమె అక్కడే, రాఘవమ్మ పక్కనే కూర్చుని తిన్నది. రుచి తెలియలేదు. అయినా ముద్ద అంతా తిన్నది, మరిదికీ పెట్టించింది.

పొద్దు వాలేలోపు దుత్తలూరు చేరాలని ఓబమ్మే ముందు లేచింది. చీర చంకన పెట్టుకుని నడిచింది. వెనక కొండలయ్య, రాఘవమ్మ నడిచినారు. ఖాళీ బండి వాళ్ల వెనక వచ్చింది.