పడమటి చేలో ఆరో చుక్క

ట్రాక్టర్ పడమటి చేలో దిగినప్పుడల్లా నాకు దగ్గు వినిపించేది. మా ఆయన వెంకటస్వామి దగ్గు. మార్కాపురం పలకల గనుల్లో ఇరవై ఏళ్లు పనిచేసి, ఆ దుమ్ముతోనే పోయాడాయన. సొంత చేలోనే పూడ్చి, గుర్తుకు తలాపున రెండు నల్ల పలకరాళ్ళు నిలబెట్టాం. మా అబ్బాయి ధనుంజయ ట్రాక్టర్ కొన్న ఏడాది ఆ రాళ్ళు నాగలికి తగిలి ఎటో పోయాయి. మట్టిదిబ్బ చదునైపోయింది. సరిగ్గా ఎక్కడున్నాడో ఇప్పుడు నాకూ తెలియదు. పడమటి గట్టు నుంచి ఇరవై అంగలో, పాతికో. నాగటి కర్రులు అక్కడికి వచ్చేసరికి, ఇంజను మోతలో కూడా ఆ పొడిదగ్గు నేల లోపలి నుంచి వచ్చేది.

ధనుంజయకు వినపడదు. "నీ చెవుల్లో ఉండాదమ్మా ఆ దగ్గు. గిద్దలూరు పోయి చూపిచ్చుకో," అనేవాడు.

అందుకే కార్బన్ వాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు, మా చేను రాసుకోమని అందరికంటే ముందు నేనే అడిగాను. పదేళ్లు నేల దున్నకూడదు. కందికట్టె కాల్చకుండా చేలోనే పరచాలి. అట్లా చేస్తే గాలిలోని కర్బనం నేలలో నిలుస్తుందట. పొగ వదిలే కంపెనీలు ఆ కర్బనాన్ని లెక్కగట్టి కొంటాయట. నాకు వాటిలో ఒక్క మాటే కావాలి. పదేళ్లు దున్నరు.

"వాళ్ళు ఆడ పొగ ఇడుస్తారంట, మనం ఈడ మడక కట్టేసుకోవాలంట. బాగుండాది బేరం!" అని ధనుంజయ నవ్వాడు. నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

మన్ను తీయడానికి కనిగిరి నుంచి సుస్మిత అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఫోనులో మా చేను, చేలో ఆరు ఎర్రచుక్కలు. చుక్క ఉన్నచోటల్లా ఇనుపగొట్టం దిగేసి అడుగు లోతు మన్ను తీసింది. అయిదు చోట్లా ఎర్రమన్నే. ఆరో చుక్క వెతుక్కుంటూ పడమటి గట్టు నుంచి నడిచింది. నేను వెనకే అంగలు లెక్కపెట్టాను. ఇరవై రెండు దగ్గర ఆగింది.

గొట్టంలో మన్ను నల్లగా, తడిగా వచ్చింది. వాన పడి నెల దాటింది.

"ఇది భలే మన్నవ్వా!" అంటూ సంచిలో పోసి, పట్టుకోమని నా చేతికిచ్చింది.

"దీన్నేం చేస్తారు పాపా?"

"ల్యాబులో కాలుస్తారు. కాలితే వచ్చే గాలిని మిషను కొలుస్తాది. కర్బనం ఎంతుండాదో అప్పుడే తెలిసేది."

ట్రాక్టర్ ఇంటి దగ్గరే ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. నా కాళ్ళ కింద దగ్గు వినిపించింది.

"మా ఇంట్లో పోయినోళ్ళను కాల్చరు పాపా," అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "మా నాయనను ఈ చుట్టుపక్కలే పూడ్చినాం," అని మా వెంటే వచ్చిన ధనుంజయ చెప్పాడు. సుస్మిత గబుక్కున చెప్పులు విప్పేసింది.

"ఆ చుక్కను పక్కకు జరుపు తల్లీ."

"నేను పెట్టింది కాదవ్వా, కంప్యూటర్ పెట్టింది. జరిపితే చేను స్కీములోంచి తీసేస్తారు."

"తీసేస్తే తీసేసినారులే," అన్నాడు ధనుంజయ. "సోమవారం దున్నేస్తా."

సంచి ఇయ్యకపోతే ఆయన మీద ఏటేటా కర్రులు. ఇస్తే నిప్పు.

"ఎంత కాలుస్తారు?"

"చిటికెడవ్వా. అంతే."

"కాల్చిన పొద్దు నాకు చెప్పాల."

"పరీక్ష అయిపోతే ఆ పొద్దే మెసేజ్ వస్తాది."

సంచి ఇచ్చేశాను. "చిటికెడే. ఓర్చుకో," అన్నాను నేలకేసి.

తొమ్మిదోనాడు ఫోను మోగింది. కూడబలుక్కుంటూ చదివాను. ఆరో నమూనా పరీక్ష పూర్తయింది, చేను స్కీములో చేరింది.

తొట్టి దగ్గరికి పోయి, కట్టుకున్న కోకతోనే తలమీద నీళ్ళు గుమ్మరించుకున్నాను. పక్కింటి నాగరత్నమ్మ గోడమీద నుంచి తొంగిచూసింది.

"ఏందక్కా, ఇట్ల పోసుకుంటాండావు? ఎవరు పోయినారు?"

"మా ఆయన."

"ఆయన పోయి పన్నెండేండ్లాయె గదక్కా!"

"అప్పుడు పూడ్చినాము," అన్నాను. "ఈ పొద్దు కాల్చినారు."