ముప్పై నాలుగు చీటీలు

మా చర్చి గుమ్మం పక్కన ప్రార్థన చీటీల పెట్టె ఉంది. దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఊడ్చేదీ, కుర్చీలు సర్దేదీ కూడా నేనే. ఐదో తరగతితో బడి మానేసినవాడికి ఇంతకన్నా పెద్ద పదవి ఎవరిస్తారు? ఆదివారం పాస్టరుగారు చీటీ చదవగానే, రాసినవాళ్లు లేచి తమ అవసరం తమ నోటితోనే చెప్పుకోవాలి. ఆ తర్వాతే ప్రార్థన.

ఈసారి ఎన్నికల్లో మా బావ పోటీ చేస్తున్నాడు. అవతలి అభ్యర్థి భార్య మా చర్చిలో పాటలు పాడుతుంది. శనివారం బావ నా గదికొచ్చాడు.

"ఒరేయ్, మీ పాస్టరు మైకులో నా పేరెత్తి, గెలిపించమని ప్రార్థన చేస్తే చాలు. మావాళ్లు చీటీలు వేసేశారు."

"ఆయన ఎవరి పక్షమూ మాట్లాడరు బావా."

"మాట్లాడకపోతే అవతలివాడికి పని చేసినట్టే. అదే జరిగితే ఇక మా ఇంటికి రాకు. మీ అక్కకి నువ్వే చెప్పుకో."

నాకు మిగిలిన చుట్టం అక్క ఒక్కతే. అది తెలిసే ఆ మాటన్నాడు.

పెట్టె తెరిస్తే ముప్పై నాలుగు చీటీలు, అన్నీ ఒకే చేతిరాత. పాస్టరుగారి ముందు పోశాను.

"పెట్టెలో పడ్డది తీసెయ్యం కదా," అన్నారాయన.

"చదివితే అవతలి పక్షంవాళ్లు చర్చిలోంచి లేచి వెళ్లిపోతారండీ."

ఆయన తల గోక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరినీ నొప్పించకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. ఇప్పుడు నలిగేది నేను.

ఆదివారం బావ ముందు వరసలో కూర్చున్నాడు, పక్కనే అక్క.

"'మా నాయకుడి విజయం కోసం.' రాసినవారు లేవండి," అన్నారు పాస్టరుగారు.

ఎవరూ లేవలేదు. రెండోదీ అంతే. ఆయన ఒక్కటీ వదల్లేదు. ఏడో చీటీకి వెనక నుంచి ఒక ముసలమ్మ, "రాసినోళ్లకి మోకాళ్ల నొప్పులేమో!" అంది. బావ నా వైపు గుర్రుగా చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆఖరి చీటీకి, వేరే దారి లేక, బావే లేచాడు.

"మీకేం కావాలి?"

"గెలుపండీ."

"అది ఓటర్లని అడగండి. మీకేం కావాలి?"

బావ మెడ మీద చెమట. చొక్కా కాలరుతో తుడుచుకున్నాడు.

"నిద్ర పట్టట్లేదండీ," అన్నాడు చివరికి. "ఓడిపోతే జనానికి మొహమెలా చూపించాలో తెలీట్లేదు."

అంతలో పాటల వరసలోంచి అవతలి అభ్యర్థి భార్య లేచింది. "మా ఆయనకీ అదే జబ్బండీ."

చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు ఇద్దరికీ కలిపి ప్రార్థన చేశారు. గెలుపు మాటే ఎత్తలేదు. తర్వాత నాతో, "పక్షం వద్దనుకున్నాను గానీ, మనిషి వణుకుతుంటే గోడలా ఉండలేం కదయ్యా," అన్నారు.

నేను కుర్చీలు సర్దుతుంటే అక్క వచ్చింది. నేను తలెత్తకుండా ఇంకో కుర్చీ అందుకున్నాను.

"ఏరా, లేచి చెప్పుకోవాలని ముందే చెప్పొచ్చుగా?"

"బావ నన్నడిగాడా?"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "సరేలే. భోజనానికి రా. మీ బావే పిలుచుకు రమ్మన్నాడు."

చేతిలో కుర్చీ అక్కడే దించి, దాని మీదే కూలబడ్డాను.