మేస్త్రి మర్యాద

పట్నంలో పెద్దాసుపత్రిలో డాక్టరు చెల్లెలికి ఉద్యోగం మాట్లాడి, ఆ రోజే తీసుకెళ్లి చూపించాలని అన్నయ్య పొద్దున్నే కారేసుకుని ఆమె పల్లెటూరి క్లినిక్ ముందు దిగాడు. అతను ఎముకల డాక్టరు. పెచ్చులూడిన గోడల్ని, వంగిన మంచాన్ని చూసి, ఈ కొంపలో ఏముందని పట్టుకు వేలాడుతున్నావని అడిగాడు. ఆమె రిజిస్టరు రాసుకుంటూనే ఉంది.

అప్పుడే తాపీమేస్త్రి గోడ పట్టుకుంటూ వచ్చాడు. పరంజా మీంచి జారి, ఎడమ డొక్క ఇటుకలకు కొట్టుకునేట్టు పడ్డాడట. ఇప్పుడు భుజం లాగుతోందట.

"నమస్కారమండీ డాక్టరుగారూ. మీకు శ్రమ ఇస్తున్నాను," అన్నాడు ఆమెతో.

ఆమె చేతిలో పెన్ను ఆగింది. ఇన్నేళ్లలో ఈ మనిషి తనను 'గారూ' అన్న పాపాన పోలేదు. సూదమ్మా అంటాడు, నువ్వంటాడు. మొన్న వేలు చితికినప్పుడు కూడా, నీ కుట్ల కంటే మా కూలోళ్ల గోనెసంచి కుట్లు నయం అని వెక్కిరించాడు.

అన్నయ్య అతని భుజం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎముక నిక్షేపంగా ఉంది, మాత్ర ఇచ్చి పంపెయ్ అన్నాడు.

"తిప్పినప్పుడు నొప్పి ఎక్కువైందా?" అని ఆమె మేస్త్రినే అడిగింది.

"లేదండీ."

భుజంలో ఏమీ లేకపోతే భుజం ఎందుకు లాగుతుంది? మంచం మీద పడుకోబెట్టి పొట్ట తాకింది. ఎడమవైపు చెక్కలా బిగుసుకుంది. నాడి పరుగెడుతోంది. నుదుటి మీద చల్లటి చెమట.

"ప్లీహం చిట్లినట్టుంది. లోపల రక్తం పోతోంది, ఆ నొప్పే భుజానికి పాకుతోంది. కారు తియ్యి అన్నయ్యా."

"స్కానింగ్ లేదు, పాడూ లేదు. దేన్ని చూసి చెబుతున్నావు?"

"పొట్ట చూసి. అంతకంటే ముందు, ఎప్పుడూ నన్ను వెక్కిరించే మనిషి మీరు అంటున్నాడు."

పరాచికమేమోనని అన్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. తాళాలు తీసుకున్నాడు.

దారి పొడుగునా ఆమె ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తిపట్టుకుని, మేస్త్రిని మాటల్లో పెడుతూనే ఉంది. అతను అడిగినవాటికల్లా వినయంగా జవాబు చెప్పాడు. ప్రతి 'అండీ'కీ ఆమె రెండో చేత్తో అతని నాడి చూసింది. ఊరి పొలిమేర దాటాక ఆ మర్యాద కూడా ఆగిపోయింది. అన్నయ్య వేగం పెంచాడు.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. చివరికి సర్జన్ బయటికొచ్చి, ప్లీహం తీసేశామని, ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని, మనిషి దక్కాడని చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుంది. బస్సులో ఉన్న మేస్త్రి భార్యకు ఫోన్ చేసి చెప్పింది.

ఎలాగూ వచ్చాం కదా అన్నాడు అన్నయ్య. ఉద్యోగమిచ్చేవాళ్లు పై అంతస్తులోనే ఉన్నారట. గొంతులో పొద్దున్నటి బిగువు లేదు.

"మేస్త్రి భార్య బస్సులో వస్తోంది. ఇంత భవనం చూస్తే ఆవిడ లోపలికి రాదు, బయటే నిలబడిపోతుంది," అని ఆమె మెట్లు దిగింది.

అన్నయ్య లిఫ్టు ఎక్కలేదు. ఆమె వెనకే కిందికొచ్చి, ఆవిడ ఎలా ఉంటుందని అడిగి తెలుసుకుని, చెల్లెలు ముందు గేటు దగ్గర నిలబడితే తను వెనక గేటు వైపు నడిచాడు.