నీళ్లను ఆపాల్సిన తలుపు

నేను ఒక యుద్ధనౌక తలుపును. ఓడ అడుగున, పంపుల గదికీ పక్కనున్న నడవకీ మధ్య ఉక్కు గోడలో ఉండేదాన్ని. సముద్రం ఎప్పుడైనా ఒక గదిలోకి వస్తే పక్క గదిలోకి రాకుండా ఆపడమే నా పని.

నా రెక్కలో ఏ లోపమూ లేదు. మంచి ఉక్కు, అంచుల వెంట మందపాటి రబ్బరు, బిగించడానికి బలమైన పిడులు. లోపమంతా నా చట్రాన్ని గోడకు అతికించిన చోటే ఉంది. ఓడను కట్టిన యార్డులో నా కోసం గోడకు కోసిన కంత కొలత తప్పింది. కింది మూలలో వేలు దూరేంత సందు మిగిలిపోయింది. ఆ భాగం కోసేసి కొత్త పలక వేయాలని వెల్డరు దాలినాయుడు తన కాంట్రాక్టరు వీరభద్రంతో అన్నాడు.

"పలక మార్చడానికి టైమెక్కడిది? ఓడని నీళ్లలోకి దింపడానికి ముహూర్తం పెట్టేశారు. సందులో చువ్వలు కుక్కి, పైన ఒక పూత వెల్డింగు లాగించెయ్," అన్నాడు వీరభద్రం.

"అది ఆగదు బాబూ. నీళ్ల బరువు పడితే ఇడిపోద్ది."

"అన్ని నీళ్లు లోపలికొచ్చిన రోజున ఓడే ఉండదు. తలుపు ఎలా ఉందో చూడ్డానికి ఎవడు మిగుల్తాడు?"

దాలినాయుడు కాసేపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. తను కాదంటే ఆ చోట మరొకడు వచ్చి కూర్చుంటాడని అతనికి తెలుసు. చివరికి ముసుగు దించుకున్నాడు. సందులో చువ్వలు పడ్డాయి, వాటి మీద కరిగిన లోహం పల్చగా పరుచుకుంది. తరవాత దాన్ని నున్నగా అరగదీసి బూడిదరంగు వేశారు. ఓడలో అంత నీటుగా కుదిరిన తలుపు ఇంకొకటి లేదని చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

నాణ్యత విభాగం నుంచి తనిఖీకి హేమసుందరి వచ్చింది. కింది మూలను వేలితో తడిమి, పైపుతో నీళ్లు కొట్టి చూడాలంది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? ఓడ నీళ్లలోకి దిగాక తీరిగ్గా చూద్దాం," అన్నాడు ఆమె పైఅధికారి.

"దిగాక ఎవరూ చూడరు సార్. పరీక్ష కాకుండా నేను సంతకం పెట్టను."

ఆమె గొంతు పెంచలేదు. సంతకమూ పెట్టలేదు. ఆ వారంలోనే ఆమెను పెయింటు గోదాముకు మార్చారు. సంతకం మరొకరు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి, బ్యాండు వాయించి, నన్ను సముద్రంలోకి పంపారు.

కొన్నేళ్ల పాటు ఏమీ జరగలేదు. గడిచిన ప్రతి ఏడూ వీరభద్రం మాటే నిజమంటున్నట్టుండేది.

పంపుల గది చూసుకునే నావికుడు ఏలీషాది బాపట్ల వైపు. మిగతావాళ్లు నన్ను ధడాలున మూసేవారు. అతను మాత్రం లోపల పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మెల్లగా మూసేవాడు.

ఒక మధ్యాహ్నం సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పంపుల గదిలో పెద్ద గొట్టం పగిలింది. లోపలున్నవాళ్లను ఏలీషా బయటికి లాగి, నన్ను మూసి పిడులు బిగించాడు. వాళ్లు పైకి పరుగెత్తారు. కానీ నడవ చివరి గదిలో ఇంకా కొందరున్నారు. వాళ్లు పైకి పోవాలంటే ఆ నడవలోని ఇనుప మెట్లొక్కటే దారి. ఏలీషా వాళ్లను కేకేశాడు.

ఈలోగా నీళ్లు నా సగం దాకా లేచాయి. రెక్క ఆగింది. కింది మూల ఆగలేదు. ముందు రంగు పగిలింది, తరవాత పూత చీలింది, చువ్వలు ఒకదాని వెనక ఒకటి బయటికి తోసుకొచ్చాయి. ఏలీషా ఒక చువ్వను చేతిలోకి తీసుకుని ఏమీ అర్థం కానివాడిలా చూశాడు. దాన్ని పక్కన పడేసి, వాళ్ల గదిలోంచి పరుపు లాక్కొచ్చి సందుకు అడ్డం పెట్టి, భుజం ఆనించాడు.

"మీరెక్కండి. నేనొస్తా," అన్నాడు.

వాళ్లు ఎక్కారు. ఆఖరివాడు మెట్ల పైకి చేరేసరికి మూల మొత్తం ఊడి వచ్చింది. ఏలీషా రాలేదు.

ఓడ మునగలేదు. ఒడ్డుకు చేరాక విచారణ జరిగింది.

"ఉప్పునీరు తినేసిందండి. సముద్రాన్ని ఎవరేం చేయగలరు?" అన్నాడు వీరభద్రం.

దాలినాయుడు లేచి నిలబడ్డాడు. "ఉప్పునీరు కాదు బాబూ. సువ్వలు ఎట్టింది నానే. ఎట్టమన్నది ఈ బాబే."

వీరభద్రానికి ఇక కాంట్రాక్టులు ఇవ్వకూడదన్నారు. ఏడాది తిరక్కుండానే అతని బావమరిది పేరుతో యార్డు గేటు ఎదుట కొత్త బోర్డు లేచింది. దాలినాయుడికి మాత్రం మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు.

నన్ను చుట్టూ ఉన్న గోడతో సహా కోసి, వెల్డింగు నేర్పే బడిలో నిలబెట్టారు. అక్కడ ఇప్పుడు హేమసుందరి పాఠాలు చెబుతోంది. ఒకరోజు ఏలీషా భార్య సువార్త నన్ను చూడటానికి వచ్చింది. పగిలిన మూల వైపు ఆమె ఎక్కువసేపు చూడలేదు.

"ఆయన ఏ వైపున ఉన్నారండీ?" అని హేమసుందరిని అడిగింది.

"ఇటువైపమ్మా."

సువార్త వచ్చి అక్కడ నిలబడింది. "మరి మెట్లు?"

హేమసుందరి చెయ్యెత్తి చూపించింది. "వెనకాలేనమ్మా. దగ్గర్లోనే."

సువార్త వెనక్కి తిరిగి చూడలేదు. రెండు అరచేతులూ నా మీద ఆనించి, బలమంతా పెట్టి అదిమింది. అటుపక్క నీళ్లు లేవు. అయినా ఆమె చాలాసేపటి దాకా చేతులు తీయలేదు.