బూషే లేని పీపాలు

"ఉల్లిపాయలు మాడుతున్నాయి!"

ముందు గదిలోంచి మామగారి కేక. ఆ సమయానికి నేను వంటింట్లో లేను. పెరట్లో, తీగ మీద ఆరేసిన దుప్పటికి అవతల, మా ఆయన తిబో మెడ చుట్టూ చేతులేసి ఉన్నాను. మా పెళ్లయి ఏడు వారాలు. తడి దుప్పటి వెనక ముద్దు పెట్టుకునే హక్కు ఇంకా చెల్లుతుందనే నా నమ్మకం.

"వెళ్లవమ్మా ఇల్లాలా, ఉల్లిపాయలు మాడుతున్నాయట," అన్నాడు తిబో నవ్వుతూ. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. నా భుజాలు పట్టుకుని వెనక్కి జరిపాడు. "ఎవరు? నాన్నేనా అన్నది?"

"మామయ్యే. ఏం?"

"వంటింటి తలుపు వేసుందా?"

వేసే ఉంది. పొగ కూడా కనిపించడం లేదు. అప్పుడు వెలిగింది నాకు. ఇద్దరం చెప్పులు వదిలేసి పరిగెత్తాం.

మామగారు రెజిస్ గది మధ్యలో నిలబడి, దొంగ జాడ పట్టిన వాడిలా తలెత్తి గాలి పీలుస్తున్నారు. చదువుతున్న పేపరు కాళ్ల దగ్గర పడి ఉంది.

"బాతు కొవ్వు," అన్నారు మెల్లగా. "ఉల్లిపాయ. అడుగంటిన బాణలి. ఛీ, ఎంత కంపు!" ఆయన కళ్లలో నీళ్లు నిండాయి. "ఎంత బాగుందో!"

జనవరిలో వచ్చిన జ్వరం ఆయన ముక్కుని పట్టుకుపోయింది. ఈ సున్నపురాయి గుట్ట మీద ఎనిమిది తరాలుగా మెర్లో ద్రాక్ష పండిస్తున్న లకసాన్ల ఇంట్లో, వాసన తెలియని పెద్దాయన! బయటికి పొక్కితే మా వైన్‌ని ఎవరు నమ్ముతారని విషయం నలుగురి మధ్యే ఉంచాం. ఏప్రిల్‌లో దళారి రుచి చూడడానికి వచ్చినప్పుడు, బాగుంటే ఒకసారి, బాగోకపోతే రెండుసార్లు బల్లకింద మామగారి కాలు తొక్కమని కొత్త కోడలినైన నాకు పని అప్పగించారు. తీరా నేను తొక్కింది దళారి కాలు. ఆయన కుర్చీ జరుపుకుని, సాయంత్రం దాకా నా వైపు చూడలేదు.

ఇప్పుడిక ఇల్లంతా సంబరమే. మామగారు కాఫీ డబ్బా మూత తీశారు, మైనపు వత్తి వాసన చూశారు, పిల్లిని ఎత్తి దాని మెడలో ముక్కు పెట్టి గీరించుకున్నారు. ఆ తర్వాత ఆయన, మేడ దిగి వచ్చిన అత్తయ్య మిరేయ్‌ని దగ్గరికి లాక్కుని చెవి వెనక వాసన చూశారు.

"అదే సబ్బా?"

"ముప్పై ఆరేళ్లుగా అదే సబ్బు," అంది అత్తయ్య. "ఐదు నెలలుగా ఎవడి కోసం రుద్దుకుంటున్నానో నాకే తెలీదు." వంట గుడ్డతో కళ్లు తుడుచుకుంది.

నా మాడిన బాణలిని కూడా ఊరేగింపుగా బల్ల మీదికి తెచ్చారు. నేను వండిన దేనికీ ఈ ఇంట్లో అంత మర్యాద జరగలేదు.

తల తిప్పి చూస్తే తిబో లేడు.

నేలమాళిగ మెట్ల మీద దొరికాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని భుజంతో నెట్టాను.

"ఇంట్లో పండగైతే ఇక్కడ ముఖం వేలాడేశావేం?"

"ఆయన ఇప్పుడు రుచి చూస్తాడు, సొలెన్."

మార్చిలో వైన్ కలిపింది తిబో. ఎప్పుడూ తండ్రే కలిపేవాడు. మెర్లో నాలుగు వంతులు, బూషే ద్రాక్షది ఒక వంతు. మెర్లో కండ, బూషే ఎముక అని ఈ ఇంట్లో పిల్లలకి మాటలతో పాటే నేర్పుతారు. ముక్కు పోయిన మామగారు కొడుకు చేతిలో గ్లాసు పెట్టి, "నువ్వే చూసుకో" అని తోటలోకి వెళ్లిపోయారు. ఎంత కలిపావని తర్వాత అడగలేదు. అడగడానికి ఆయనకి మనసొప్పలేదు, చెప్పడానికి ఇతనికి ధైర్యం చాలలేదు.

"బూషే తక్కువ వేశావా?" అన్నాను.

"అసలు వెయ్యలేదు."

నాకు నవ్వొచ్చింది, అతని ముఖం చూసి మింగేశాను. అందుకన్నమాట, గుడ్ల పని రోజూ వాయిదా వేస్తున్నాడు. సీసాల్లోకి పోసే ముందు ప్రతి పీపాలో గిలకొట్టిన తెల్లసొన వేస్తారు. మడ్డంతా పట్టుకుని అడుక్కి దిగుతుంది, వైన్ తేరుకుంటుంది. ఆ తర్వాత ఇక ఏదీ మార్చరు. మామగారు ఎప్పుడు అడిగినా, వైన్ కదపడానికి చంద్రుడు బాగా లేడు నాన్నా అని తప్పించుకుంటున్నాడు.

"ఒక్క గుక్కకి తెలిసిపోతుంది. పైయేటి నుంచి మళ్లీ ఆయనే కలుపుతాడు. నేను మళ్లీ పీపాలు కడుక్కుంటాను. ముప్పై రెండేళ్లొచ్చాయి నాకు. ఇంకోసారి గ్లాసు నా చేతికివ్వడు."

"అదలా ఉంచు. నీకు ఎలా ఉంది?"

"నాకు బాగుంది. అదే నా భయం."

ఇంతలో మామగారు ఇంట్లోంచి వచ్చారు. మమ్మల్ని దాటి తిన్నగా మొదటి సాలుకి వెళ్లి, పూతకొచ్చిన మెర్లో తీగ ముందు వంగారు. జూన్ మొదట్లో వారం రోజులే ఉంటుంది ఆ వాసన. గాలికే తెలియనంత పలచన. చాలాసేపు అలా ఆకుల్లో ముఖం పెట్టి ఉండిపోయారు. తిరిగి మా దగ్గరికొచ్చారు.

"లే," అన్నారు కొడుకుతో. "గ్లాసులో పొయ్యి, చూద్దాం."

నేలమాళిగలో నలభై పీపాలు బారుగా ఉన్నాయి. తిబో గాజు గొట్టం మొదటి దాంట్లో ముంచి, గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోశాడు. నేను వెనకనుంచి అతని వేళ్లు పట్టుకున్నాను.

మామగారు తిప్పారు, వాసన చూశారు, నోట్లో పోసుకుని నమిలినట్టు నమిలి కాలవలో ఉమ్మారు. మళ్లీ పుచ్చుకున్నారు.

"బూషే ఏదీ?"

"లేదు, నాన్నా."

"ఎంత లేదు?"

"చుక్క లేదు. అంతా మెర్లోనే."

"మా తాత వింటే సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తాడు. నీది కాదు, నాది. ఎందుకు మానేశావ్?"

"ఆ యేటి కోతలో బూషే పచ్చిగానే ఉండిపోయింది. పదో వంతు వేసినా గొంతులో బఠానీ తొక్కలా తగిలింది. ఇరవై సార్లు కలిపి చూశా. కలిపినప్పుడల్లా మెర్లో ముఖం ముడుచుకుంది."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే అలవాటు కొద్దీ ఐదో వంతు వెయ్యమంటావ్. నువ్వంటే నేను వేసేస్తాను."

మామగారు ఏదో అనబోయి, పీపా ముఖం వైపు చూసి ఆగారు. ఎవరు కలిపితే వాళ్ల పేరులో మొదటి అక్షరం సుద్దతో పీపా మీద రాయడం ఈ ఇంటి పద్ధతి. అక్కడ ఆయన అక్షరం ఉంది. పక్క పీపా మీదా అదే. వరసగా అన్నిటి మీదా అదే.

"ఇదేమిట్రా?"

తిబో తల వంచుకున్నాడు. "దళారి దిగి చూస్తాడని. నువ్వు కలపలేదంటే ఎందుకని అడుగుతాడు. నీ ముక్కు సంగతి ఊరికి తెలిసిపోతుంది."

"నా పరువు కాపాడావన్నమాట!" అరిచారు మామగారు. రాతి గోడలు ఆ మాటని రెండుసార్లు తిరిగి చెప్పాయి. "బూషే మానెయ్యడం తప్పు కాదురా. అది తప్పో ఒప్పో పదేళ్ల తర్వాత సీసా చెబుతుంది. నీ చేతి పని మీద నా పేరు రాశావే, అదీ తప్పు. ముక్కు పోతే పోయిందని బజార్లో నిలబడి చెబుతా. నువ్వు కలిపింది నేను కలిపానని మాత్రం చెప్పను."

చొక్కా చేత్తో ఆ అక్షరాన్ని తుడిచేశారు. ఒకటి, రెండు, మూడు పీపాలు. చెయ్యంతా తెల్లబడింది. తర్వాత అలసిపోయి రాతి అరుగు మీద కూర్చున్నారు. గొంతు తగ్గింది.

"ఇంకో సంగతి చెప్పాలి. నాకు సగమే అందుతోంది. ఎముక లేదని నాలికే చెప్పింది, దానికి ముక్కక్కర్లేదు. మాడువాసన, పొగాకు, తడిరాయి తెలుస్తున్నాయి. ఇందాక పువ్వు తెలీలేదు. ఇందులో పండూ తెలీడం లేదు." గ్లాసు చాపారు. "పండు ఎలా ఉందో నువ్వు చెప్పు. నేను తాగుతాను."

తిబో గ్లాసులో ఇంకాస్త పోసి ఆయన పక్కన కూర్చున్నాడు.

"నల్ల ఆల్‌బుఖారా. ఎండ తగిలిన వైపు కాదు, నీడ వైపుది."

"ఆఁ."

"తొక్క దగ్గర పులుపు. లోపల మెత్తగా ఉంది. అమ్మ జామ్ చేసేటప్పుడు గింజకి కొంచెం కండ అంటుకుని ఉంటుంది చూడు, మనం చప్పరించేవాళ్లం..."

"ఆఁ, ఆఁ. తర్వాత?" మామగారు కళ్లు మూసుకున్నారు. ఈసారి ఉమ్మలేదు, మింగారు.

నేను గోడవైపు తిరిగి సుద్దముక్క కోసం వెతికాను. వెతకడం ఒక వంక, కళ్లు మసకబారి ఏమీ కనిపించడం లేదు. దొరికాక తిబో చేతిలో పెట్టాను. అతను లేచి తన అక్షరం రాశాడు. మొదటిది వంకరగా వచ్చింది. తుడవబోతే మామగారు వద్దన్నారు.

మెట్ల మీంచి అత్తయ్య తొంగి చూసింది. "ఏమిటా అరుపులు? భోజనానికొస్తారా, రారా?"

"రేపు గుడ్లు కొట్టేద్దాం, అమ్మా," అన్నాడు తిబో. చంద్రుడి మాట ఎత్తలేదు. "పీపాకి ఐదు."

"రెండొందల గుడ్లు రాత్రికి రాత్రి ఎవరి కోడి పెడుతుందిరా?"

"తెల్లారే ఓదెత్ అత్త కోళ్లఫారానికి నేనే వెళ్తాను. నువ్వూ సొలెనూ సొనలు వేరు చెయ్యండి. నాన్న తెల్లసొన గిలకొడతాడు. పచ్చసొనతో సాయంత్రానికి కనెలే కేకులు కాలుద్దాం, ఇరుగుపొరుగుకి పంచిపెడదాం. ఎనిమిదింటికి మొదటి పీపా."

"ఎనిమిదా?" అన్నారు మామగారు. "నేనైతే ఏడింటికే మొదలెట్టేవాణ్ణి."

"ఎనిమిది," అన్నాడు తిబో.

మామగారు కొడుకుని ఎగాదిగా చూసి, గ్లాసులో మిగిలింది తాగేశారు. "సరే. ఎనిమిదే."