తొమ్మిదో వాటా

నాలుగు అని రాసి పంపాను. తొమ్మిది అని తిరిగొచ్చింది.

పోయిన రంజాన్ దాకా మా ఆస్పత్రిలో రెండు సర్వర్లు ఉండేవి. మా ఏడెన్ రేవు పట్నం ఎండకీ, వస్తూ పోతూ ఉండే కరెంటుకీ తట్టుకోలేక ఒకటి కాలిపోయింది. విడిభాగాలు తెప్పిద్దామంటే రేవుకి ఓడ ఎప్పుడొస్తుందో ఆ ఓడకే తెలియదు. ఇక మిగిలిన ఒక్కదాని మీదే అన్ని వార్డుల కంప్యూటర్లూ బతకాలి. అవి విడివిడి పెట్టెలేమీ కావు, వర్చువల్ మెషీన్లు. ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు ఒకే సర్వర్‌ని పంచి ల్యాబుకొకటి, మందుల గదికొకటి ఇస్తాం. ఎవరికి వాళ్ళు ఇల్లంతా తమదే అనుకుంటారు.

సర్వర్‌కి ఉన్న మెమరీ అరవై నాలుగు జీబీలు. వాటాకి పద్నాలుగు చొప్పున నలుగురికిచ్చి, మిగిలింది దానికే వదిలేస్తే ఊపిరాడుతుంది. ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి డైరెక్టర్ డాక్టర్ అబ్దుల్‌కవీ గారింటికి పంపాను. పంపడమే తప్ప నేను వెళ్ళి కూర్చునే చోటు కాదది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళంతా ఖాత్ ఆకు నములుతూ కొలువు తీరతారు. మొదటి గంటలో కష్టాలు చెప్పుకుంటారు. మూడో గంటకి ఆకు తలకెక్కి, ఒక్కొక్కడూ ఒక్కో సుల్తాను. ఆ వేళకి వాళ్ళు యుద్ధాలు ఆపేస్తారు, సముద్రం మీద వంతెనలు కట్టేస్తారు. మా ఆస్పత్రి సంతకాలు కూడా అప్పుడే పడతాయి. నా నాలుగు తొమ్మిదైంది అక్కడే.

మర్నాడు పొద్దున్న డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను.

"అఫ్రాహ్, మీ ఇంటికి నలుగురొస్తారనుకుంటే తొమ్మిదిమంది వచ్చారు. గెంటేస్తావా తల్లీ?"

"గెంటను డాక్టర్‌గారూ. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. పెద్ద పళ్ళెం ఒకటి మధ్యలో పెడతాం. అందరూ ఒకేసారి ముద్ద ఎత్తరు కదా. ఒకడు కబుర్లు చెప్తుంటే ఇంకొకడు తింటాడు. సర్దుకుపోతుంది."

"ఒకేసారి చెయ్యి పెడితే?"

"పెట్టినప్పుడు చూద్దాంలే. నీకు అన్నిటికీ భయమే!"

ఆయన మాట పూర్తిగా తప్పని అనలేను. ఉన్నదానికంటే ఎక్కువ పంచిపెట్టడం ప్రపంచమంతా చేస్తున్నదే. అయినా వద్దని గట్టిగా చెప్పాల్సింది. లేదు, కాదు అనే మాటలు మా నోట పలకవు. "మీ మాట నా కళ్ళ మీద" అనేసి బయటికొచ్చాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో వాటా సిబ్బంది వేలిముద్రల హాజరుకి. దానికి డిస్కులో చోటు లేదు. ప్రతిరోజూ అన్నిటి నకళ్ళూ దాచే చోటు ఒకటుంటే అది ఖాళీ చేసి ఇచ్చాను. కొత్త డిస్కు రాగానే మళ్ళీ మొదలుపెడదాం అనుకున్నాను. ఐదు నెలలైంది, డిస్కు రాలేదు.

నా ప్రాణమంతా రక్తం ఎక్కించే వార్డు రికార్డులున్న వాటా, రక్తం వాటా, మీద ఉండేది. తలసీమియా పిల్లలకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించగా ఎక్కించగా కొందరికి కొన్ని రకాల రక్తం పడకుండా పోతుంది. గ్రూపు కలిసినా పడదు. ఏ బిడ్డకి ఏది పడదో సిస్టర్ ఇష్రాక్ పన్నెండేళ్ళుగా రాస్తూ వచ్చింది. మొదట్లో ఆకుపచ్చ అట్ట పుస్తకంలో రాసేది. "ఇంకా పుస్తకమెందుకు సిస్టర్, నేను లేనూ?" అని మాన్పించింది నేనే.

అందుకే ఎవరికీ చెప్పకుండా ఆ వాటాకి ఇరవై జీబీలిచ్చాను. మిగతావాటికి కోత పెట్టాను. ఎవరేమైనా ఇది నిలవాలని నా ఆశ. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. కరెంటు పోయి వచ్చాక ఎవరిది ముందు లేవాలన్న దాని మీద పెద్ద డాక్టర్లు అలిగారు. ఎక్స్‌రే ఆయన్ని ల్యాబు ఆయన వెనక నిలబెడితే వారం రోజులు సలాం కూడా చెప్పడు. ఈ గోల పడలేక అన్నీ ఒకేసారి లేచేలా పెట్టేశాను.

ఆదివారం పొద్దున్న పది గంటలకి కరెంటు పోయింది. బ్యాటరీ ఐదు నిమిషాలు కూడా ఆగలేదు. జనరేటర్ అందుకునేసరికి తొమ్మిదీ ఒక్కసారే లేచి పళ్ళెంలో చెయ్యి పెట్టాయి. తెర మీద మెమరీ గీత పైకి పోయి పోయి ఆగిపోయింది. మెమరీ బొత్తిగా అయిపోతే సర్వర్ తాను చావకుండా ఉండడానికి ఒకదాన్ని చంపుకుంటుంది. అందరికంటే ఎక్కువ తింటున్నది ఏదో చూసి దాన్నే చంపుతుంది. ఎప్పుడో చదివాను. ఇరవై ఇచ్చేటప్పుడు గుర్తు రాలేదు.

రక్తం వాటా రాస్తూ రాస్తూ ఉండగా చచ్చిపోవడంతో లోపలి రికార్డులు ముక్కలైపోయాయి. మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా అతికించాలని చూశాను. అతకలేదు. చేతికి చిక్కింది, ఆ చోటు ఖాళీ చేసేటప్పుడు విడిగా తీసి ఉంచిన ఐదు నెలల కిందటి నకలు ఒక్కటే.

బుధవారం ఏడేళ్ళ ఘైదా వచ్చింది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. వాళ్ళమ్మ ఎత్తుకునే తెచ్చింది. రెండు నెలల కిందట ఈ పిల్ల రక్తం పడక చలితో వణికిపోయింది. దేనివల్లో కనుక్కుని సిస్టర్ రాసింది, ఆ వాటాలోనే.

"గుర్తు తెచ్చుకో సిస్టర్. ఒక్కసారి."

"అరవైమంది పిల్లలమ్మా నాకు. గుర్తుంటే రాసుకోవడమెందుకు?" అని కోప్పడింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ పరీక్ష చేద్దామంటే ఆ మందు అయిపోయి నెల దాటింది."

"ఆగితే?"

"ఎన్నాళ్ళు ఆగుతుంది? చూడు దాని మొహం."

వార్డు డాక్టరు కూడా అదే మాటన్నాడు. ఉన్నవాటిలో గ్రూపు కలిసిన సంచీ ఒకటి తీశారు. చుక్క చుక్కగా వదలమన్నాడు. సిస్టర్ మంచం అంచున కూర్చుని పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి ఉంచింది. వాళ్ళమ్మ నా వైపు తిరిగి, "కంప్యూటర్‌లో ఉందన్నారుగా అక్కా?" అంది.

అప్పుడే డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. మాటలు నముల్తూ వస్తున్నాయి, వెనక నవ్వులు. కొలువు మూడో గంటలో ఉన్నట్టుంది.

"చూశావా అఫ్రాహ్? నాలుగే అన్నావు. మూడు రోజులుగా ఎనిమిది గుర్రాల్లా పరుగెడుతున్నాయట! ఒక వాటా ఖాళీ అయింది కదా, గేటు దగ్గర కెమెరాలకి అడుగుతున్నారు. ఇచ్చేద్దామా?"

నాలుగని ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు. "మీ మాట నా కళ్ళ మీద" అన్నాను.

జనరేటర్ ఏసీలకి చాలదు. కిటికీలన్నీ తెరిచినా వార్డు ఉడికిపోతోంది. సిస్టర్ గడ్డం నుంచి చెమట కారుతోంది. సంచీలో ఇంకా పావు వంతైనా దిగలేదు.

ఘైదా కాళ్ళు ముడుచుకుంది.

"అమ్మా, చలేస్తోంది" అంది.