నౌపడ అరుగు మీద బోటనీ

మార్చిలో ప్రిపరేషన్ సెలవులు ఇచ్చేశాక కూడా కొందరు పిల్లలు కాలేజీకే వచ్చి చదువుకుంటారు. బొబ్బిలిలో గౌతమి బోటనీ చెప్పే జూనియర్ కాలేజీలో వాళ్ళకోసం వెనక వరండా వదిలేశారు. స్టాఫ్ రూముకి దగ్గరి దారి వేరే ఉన్నా, ఆ రోజుల్లో మాత్రం ఆమె వరండా మీదుగానే తిరిగి వెళుతుంది. పైకి చదువుకుంటున్న ఆ గొంతులు చెవిన పడితే చాలు, తన డిగ్రీ ఆఖరి సంవత్సరం గుర్తొస్తుంది. నౌపడలో పద్మకుమారి వాళ్ళ అరుగు గుర్తొస్తుంది.

అప్పుడు ఇద్దరూ శ్రీకాకుళంలో బీయస్సీ చదివేవారు. హాస్టల్లో ఒకే గది. గౌతమిది తిలారు, పద్మది నౌపడ. గౌతమిది భట్టీ చదువు. పేజీలో ఏ మూల ఏముందో చెప్పగలదు గాని, ఎందుకలా అని అడిగితే నీళ్ళు నమిలేది. పద్మ అర్థం కానిదే పేజీ తిప్పేది కాదు. అందుకే ఆమె సిలబస్ ఎప్పుడూ సగంలోనే ఉండేది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేరాలని, అక్కడ కూడా ఒకే గది అడగాలని ఇద్దరూ ఎప్పుడో అనేసుకున్నారు.

సెలవులకి ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిన కొద్దిరోజులకి పద్మ ఫోన్ చేసింది.

"ఒసే, నాకు కళ్ళకలక వచ్చీసినాదే. రెప్పలు అంటుకుపోతన్నాయి. పుస్తకం తెరిస్తే నీళ్ళు కారిపోతన్నాయి. ఈ ఏడు నాను పరీక్షలు రాయలేనే."

మందు వేసుకోమని చెప్పి గౌతమి ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్న సంచిలో పుస్తకాలు సర్దుతుంటే తల్లి రాజరాజేశ్వరి చూసింది.

"ఆ గుంటకి కలకంట కదే. పరీక్షలు ముందరెట్టుకుని నువ్వెందుకే అక్కడికి?"

"దూరంగా కూకుంటానమ్మా. సదివి ఇనిపించి సాయంత్రం బండికి వచ్చెస్తాను."

పాసింజరు దిగేసరికి నౌపడలో ఎండ ముదిరింది. ఉప్పు మడుల పక్కన తెల్లటి కుప్పలు చూడలేనంతగా మెరుస్తున్నాయి. పద్మ వాళ్ళమ్మ చిన్నతల్లి గుమ్మంలోనే ఆపి, అరుగు మీద కిటికీ పక్కన చాప వేసింది. కిటికీ లోపల చీకటి గదిలో, వెలుతురుకి వీపు పెట్టి పద్మ కూర్చుంది. గౌతమి బయటనుంచి చదవడం మొదలుపెట్టింది.

ఒక పేజీ అయిందో లేదో లోపలినుంచి ప్రశ్న వచ్చింది.

"ఆగే. సెట్టు ఏరు నీళ్ళు పీల్చుకుంటాది, సరే. అంతెత్తు కొబ్బరిచెట్టు మట్టకి ఎలా ఎక్కుతాయే? ఎవలు తోడతన్నారు?"

గౌతమి ఆ పేరా మళ్ళీ చదివింది.

"అది ఇందాకా సదివినావు. ఇప్పుడు సెప్పు."

గౌతమికి చిరాకు వేసింది. పుస్తకం మూసి, ఎదురుగా కనిపిస్తున్న మడుల వైపు కాసేపు చూస్తూ కూర్చుంది.

"మడిలో నీళ్ళు ఎండకి ఆవిరైపోతన్నాయి కదా. ఆకులోంచి కూడా అలాగే పోతాయి. పైన పోయినకొద్దీ కిందున్న నీళ్ళని పైకి లాగుతాది. దారం లాగినట్టు, ఎక్కడా తెగకుండా."

చెప్పడం అయ్యాక ఆమె తనలో తను ఇంకోసారి అనుకుంది. మూడేళ్ళుగా అప్పజెబుతున్న పాఠం అప్పుడు మొదటిసారి అర్థమైంది.

బొమ్మల దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పువ్వులోని అండం లోపల ఏది ఎక్కడుందో మాటల్లో ఎంత చెప్పినా పద్మకి అందలేదు. చివరికి ఆమే వీపు కిటికీ ఊచలకి ఆనించి, "ఇక్కడ గియ్యే" అంది. గౌతమి చెయ్యి లోపలికి పెట్టి వేలితో గీసింది.

"ఇది పిండకోశం. ఈ సివర మూడు కణాలు, ఆ సివర మూడు. మధ్యలో ఇది..."

"సక్కిలిగింతలే," అంటూ పద్మ మెలికలు తిరిగిపోయింది.

వంటింట్లోంచి చిన్నతల్లి కేకేసింది. "సదువుతన్నారా ఆడతన్నారా? ఏటే ఆ నవ్వులు?"

అలా రోజూ పొద్దున్న బండికి వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేది. పద్మ కళ్ళు నెమ్మదించాయి. అరుగు మీది చాప గదిలోకి మారింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు, ఒకే తువ్వాలుకి మొహాలు తుడుచుకున్నారు.

రేపు మొదటి పరీక్ష అనగా హాస్టల్లో నిద్ర లేచిన గౌతమికి రెప్పలు విడలేదు.

పద్మ మంచం అంచున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత లేచి, గోరువెచ్చని నీళ్ళతో గౌతమి కళ్ళు తుడిచి, పుస్తకం తీసింది.

"నాను సదువుతాను, నువ్వు ఇను."

నల్లద్దాలతో వచ్చిన గౌతమిని పరీక్ష హాల్లో ఆఖరి బెంచీలో విడిగా కూర్చోబెట్టారు. బోటనీ ఎలాగో గట్టెక్కింది. పద్మ వీపు మీద అన్నిసార్లు గీసిన బొమ్మలు కాగితం సరిగా కనిపించకపోయినా చేతికి వచ్చేశాయి. కెమిస్ట్రీ నాటికి కళ్ళు బాగా మండాయి. చివరి ప్రశ్నలు ముట్టుకోకుండానే పేపరు ఇచ్చేసింది. ఆ తర్వాత చాలారోజులు ఎంట్రన్సుకి కూడా చదవలేకపోయింది.

పద్మ కాలేజీ ఫస్టు వచ్చింది. విశాఖపట్నంలో సీటూ వచ్చింది. గౌతమి పాసైంది, అంతే. ర్యాంకు సరిపోలేదు. ఆ వారమంతా పద్మ ఫోన్ చేస్తూనే ఉంది. గౌతమి ఎత్తలేదు. స్నేహితురాలికి సీటు వచ్చినందుకు సంతోషం కలగడం లేదన్న సంగతే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

చివరికి పద్మ తిలారు వచ్చేసింది. గుమ్మంలో నిలబడే చెప్పింది.

"నానూ సేరనే. వొచ్చే ఏడు ఇద్దరం కలిసి రాద్దాం."

గౌతమి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అన్ని రోజులు నీకోసం బండెక్కి వచ్చినాను. నువ్వు సేరకపోతే అదంతా ఎందుకే?" అంది. అన్నాక మనసు తేలికపడింది. "పద, అన్నం తిందాం. అమ్మ ఏదో సేసినాది."

సాయంత్రం స్టేషనుకి వెళ్ళి తనే బండెక్కించింది.

మరుసటి ఏడాది గౌతమికి ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అక్కడ సెమినార్లలో ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పేది. పాఠాలు చెప్పే ఉద్యోగమే కావాలని అప్పుడే నిర్ణయించుకుంది. పద్మ పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హైదరాబాదులో వరి విత్తనాల మీద పరిశోధన చేస్తోంది. పండక్కో పబ్బానికో ఫోన్లో మాట్లాడుకుంటారు. ఒకే గదిలో ఉండడం మాత్రం మళ్ళీ కుదరలేదు.

గౌతమి ఆ తర్వాత ఎన్నో పరీక్షలు రాసింది, ఇప్పుడు ప్రతి ఏడూ పేపర్లు దిద్దుతోంది. ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో అంతగా గుర్తులేదు. నౌపడనుంచి తిరిగొచ్చే సాయంత్రం బండి గుర్తుంది. కిటికీ పక్క సీటు, ఉప్పగా తగిలే గాలి, గొంతు బొంగురుపోయి మాట పెగలకపోవడం గుర్తున్నాయి. పద్మ రేపు ఏం అడుగుతుందో ఊహించుకుని, జవాబులు లోలోపల అల్లుకుంటూ, ఒక్కోసారి దిగడం మరిచి తిలారు స్టేషను దాటిపోయేది.